నిండు పియాలా

మా ఊరు మర్గిలాన్‌లో ఇంటికొచ్చినవాళ్లకి పియాలాలో, అదే పిడిలేని కప్పులో, టీ అడుగున కొంచెమే పోస్తాం. మళ్లీ మళ్లీ పోస్తూ కూర్చోబెట్టుకోవడమే మర్యాద. అంచుదాకా నింపితే, తాగి వెళ్లమని అర్థం. అలా నింపడం నాకు చేతకాదు.

ఆ రోజు పొద్దుగూకేలోగా పిల్లల వైద్యం పుస్తకంలో మొదటి అధ్యాయం రష్యన్ నుంచి మా భాషలోకి మార్చి తాష్కెంట్‌కి పంపాలి. పంపితే పుస్తకమంతా మార్చే పని నాదే, నా పేరు అచ్చులో చూసుకోవచ్చు. అందుకే టమాటా ఆకారంలో ఉన్న గంట కొనుక్కొచ్చాను. ఇరవై అయిదు నిమిషాలు తలెత్తకుండా పని, గంట మోగితే అయిదు నిమిషాలు విరామం.

మొదటి గంట మోగిందో లేదో, పొరుగింటి హోజర్ అక్క దిగబడింది.

"ఏమే మవ్జూదా, గంట కొట్టింది, ఖాళీయేనా?"

"అయిదు నిమిషాలే అక్కా."

"అయిదు నిమిషాల్లో నీళ్లు కూడా కాగవే పిచ్చిదానా!"

అరగంట పోయింది. రెండో గంటకి మల్బరీ పళ్లతో వచ్చింది. మూడోసారి గంటని బొంతలో చుట్టాను. ఆవిడవి పాముచెవులు.

"నీ గంటకి జలుబు చేసినట్టుందే!"

విసుగొచ్చి గంటే ఆపేశాను. అయినా వచ్చింది.

"మోగలేదేమే? ఒంట్లో బాలేదేమోనని పరిగెత్తుకొచ్చా."

అలాంటి మనిషిని పొమ్మనేదెలా? ప్రతిసారీ ఈసారి నింపేద్దామనుకునే టీ కూజా ఎత్తేదాన్ని. అడుగు తడవగానే చెయ్యి దానంతటదే ఆగిపోయేది. నా చెయ్యే నా మాట వినకపోతే ఇంకెవరు వింటారు?

రెండు పేజీలు మిగిలుండగానే పొద్దుగూకింది. తాష్కెంట్ నుంచి ఫోను.

"ఇక పంపకండి. వేరేవాళ్లకి ఇచ్చేశాం."

దీపం కూడా వెయ్యకుండా కూలబడ్డాను. ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే బాగుండుననిపించింది. హోజర్ అక్కే వచ్చింది.

"చీకట్లో ఏం చేస్తున్నావే?"

ఏడుపు కనబడనివ్వకుండా మొహం తిప్పుకుని టీ పోశాను. కళ్ల నిండా నీళ్లు, ఏమీ కనబడలేదు. వేళ్లు చుర్రుమన్నాక చూసుకున్నాను. పియాలా నిండి పొర్లుతోంది.

అక్క దానివంక చూసింది. కాలుతున్న టీని గబగబా తాగేసింది.

"అవునులే, పనున్నదానివి. పొద్దుటినించీ విసిగించాను."

ఉండమని చెబుదామంటే గొంతులోంచి ఏడుపే వచ్చింది. అప్పటికే ఆవిడ వాకిలి దాటేసింది.

గోడవతల తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది. పగలంతా ఆ గడియ ఒక్కసారి కూడా పడలేదు.