కోలా చెట్టు కోసం కోసిన రేకు

నేను ఒక ఇంటికప్పు రేకుని. సముద్రం అవతల ఏదో కార్ఖానాలో పుట్టి, ఓడెక్కి సియెర్రా లియోన్ చేరాను. గాలి వీస్తే చాలు, కుదురుగా ఉండలేను. రేకుల గుణమే అంత అంటారు గానీ, నా అలజడికి వేరే కారణం ఉంది.

లహాయ్ అనే రైతు కోకో గింజలు అమ్మి నన్నూ, నా తోటి రేకుల్నీ కొన్నాడు. మమ్మల్ని బిగించే రోజున చిక్కొచ్చి పడింది. గోడను ఆనుకుని ఒక కోలా చెట్టు ఉంది, అక్కడివాళ్ళు వక్కలా నమిలే గింజల చెట్టు. ఆ ఊళ్ళో బిడ్డ పుడితే బొడ్డుతాడు పాతిపెట్టి, దానిమీద కోలా విత్తు నాటతారు. ఇది లహాయ్ కూతురి చెట్టు. కూతురు పసితనంలోనే పోయింది, చెట్టు మిగిలింది. "దాని మీద చెయ్యేశావో, నీ రేకులూ వద్దు, నువ్వూ వద్దు" అంది అతని భార్య జెనెబా. పాపం లహాయ్, నా అంచునే నెలవంకలా కోసి మానుకు చోటిచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. కొత్త రేకుని, ఆమాత్రం గర్వం ఉండదూ?

తర్వాత యుద్ధం వచ్చింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. తుపాకులవాళ్ళు ఊరు తగలబెట్టి, కాలని ఇళ్ళ రేకులు పీకి లారీకెక్కించుకున్నారు. అడ్డం వెళ్ళిన లహాయ్‌ని కాల్చేశారు. జెనెబా అప్పటికే మిగతా ఆడవాళ్ళతో అడవిలోకి పారిపోయింది. కోతపడ్డ రేకుని ఎవడు కొంటాడని నన్ను అక్కడే పారేశారు. ఆ గుంపులో ఆ ఊరివాడే ఒకడున్నాడు, వాండి. చాటుగా వెనక్కి వచ్చి, లహాయ్‌ని నామీద పడుకోబెట్టి, వాగు దాకా ఈడ్చుకెళ్ళి పూడ్చాడు. ఏడుస్తూనే పూడ్చాడు. యుద్ధం ముగిశాక పెళ్ళి చేసుకుని, తన గుడిసె మీద నన్నే కప్పుకున్నాడు. మనుషుల తెలివి చూశారా! దాచాల్సినదాన్ని నెత్తిన పెట్టుకున్నాడు.

శరణార్థుల శిబిరం నుంచి తిరిగొచ్చిన జెనెబా ఒక్క చూపులో నన్ను గుర్తుపట్టింది. లహాయ్ ఎక్కడున్నాడో నాకు తెలుసు. గాలి వీచినప్పుడల్లా గొంతు చించుకున్నాను. రేకుకి మోతే గానీ మాట ఎక్కడిది?

నన్ను దింపి తెచ్చి, బూరుగు చెట్టు కింద పంచాయితీ పెట్టారు. అలాంటి కోత ఉన్న రేకు ఊళ్ళో ఇంకోటి లేదు కాబట్టి తీర్పు తేలిగ్గానే తేలింది. "రేకు జెనెబాది. వాండీ, తప్పయిందని చెప్పి అప్పగించెయ్" అన్నాడు ఊరిపెద్ద. న్యాయం జరిగిపోయిందని అందరూ లేవబోయారు. అన్నాల వేళ మరి.

"కూకోండి" అంది జెనెబా. "రేకుదేముంది! ఒరే వాండీ, నా పెనిమిటి ఏడిరా? చచ్చినోడికింత ముద్ద పెడదామంటే, ఎటు తిరిగి పెట్టాలో తెలవక చస్తన్నా."

వాండి భార్య చంకలో బిడ్డతో అతని మొహంకేసే చూస్తోంది. ఆమెకీ ఏమీ తెలీదు. నిజం చెబితే ఆమె ఉంటుందో పోతుందో, ఊరు ఉండనిస్తుందో తరిమేస్తుందో. అతను నా కోత మీద చెయ్యేశాడు. నా అంచులు వణికాయి.

"నేను కాల్సలేదు పిన్నీ" అన్నాడు చివరికి. "కాల్సినోళ్ళ ఎనకాల నిలబడ్డా. ఈ రేకు మీదే ఏసుకెళ్ళి, వాగు కాడ ఎదురుబొంగుల పొద పక్కన పూడ్సా."

జెనెబా అరవలేదు, కొట్టలేదు. "చూపించు" అని లేచింది.

మర్నాడు వాండే నన్ను ఆమె కొత్త మట్టిగోడల మీదికెక్కించి మేకులు కొట్టాడు. "గట్టిగా కొట్టు" అనడం తప్ప ఆమె ఇంకో మాట మాట్లాడలేదు.

వానలు దిగాయి. కప్పులేని గుడిసెలో బిడ్డ తడుస్తోందని జెనెబాయే వెళ్ళి తల్లీబిడ్డల్ని తెచ్చుకుంది. వెనకే వాండి వచ్చి చూరు కింద ఆగిపోయాడు. నామీది నీళ్ళన్నీ అతని భుజం మీదే పడుతున్నాయి, నేనేం చెయ్యను? లోపల జెనెబా అతని బిడ్డను ఒళ్ళో వేసుకుని, గుమ్మంకేసి చూస్తూ కూర్చుంది. అతన్ని రమ్మని పిలవలేదు. తలుపు మాత్రం వెయ్యలేదు.