నాలుగు మూలల మాత్ర

…ఈ తెరకి అంచు కుట్టిందెవరో గాని మూలలు మడవకుండా వదిలేశారు, పోగులు వేలాడుతున్నాయి, ఆ తెర వెనకాలే ఆయన, నోట్లోంచి గొట్టం దింపి డాక్టర్లు చూస్తున్నారు, పావుగంట అన్నారు, నలభై నిమిషాలైంది, ఇందాక నర్సు కాగితం పట్టుకొచ్చి, ఏం మింగారమ్మా ఈయన, ముల్లా, ఎముకా, పిన్నా అని అడిగితే, పిన్నులు మింగితే నేను మింగాలి సిస్టరూ, టైలర్ని, ముప్ఫయ్యేళ్ళుగా పిన్నులు నోట్లో పెట్టుకునే కుడుతున్నాను అని ఆమె అనేసింది, నవ్వు కూడా వచ్చింది, ఛీ, ఇప్పుడా నవ్వు, పొద్దున వాష్‌బేసిన్ నిండా నెత్తురు, కాఫీపొడి కలిపినట్టు నల్లగా, దాని పక్కన గోడకి జారబడి ఆయన, ఏం లేదే, కాస్త కళ్ళు తిరిగాయి అంటూ, బస్సు కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ వెనక సీట్లో గుర్రుపెట్టేవాణ్ణి కూడా లేపేసిన గొంతు అది, ఇంటికి రాగానే దాన్ని టికెట్ల సంచితో పాటు కొక్కేనికి తగిలించేసేవారు, ఇంట్లో కుట్టుమిషను, దాని మీదుగా ఆమె గొంతు, ఆ రెండే వినిపించేవి, తినండి, పడుకోండి, ఆ చొక్కా విప్పండి, సరేనే, సరేనే.

డాక్టరమ్మ బయటికొచ్చింది, చేతిలో చిన్న సీసా, అందులో గోరంత రేకు, మాత్రని రేకుతో సహా మింగేశారమ్మా, మూలలు గీసుకుని కడుపులో పుండుపడింది, నాలుగైదు రోజులుగా లోపల్లోపలే కారుతోంది, రేకు తీసేశాం, క్లిప్పు వేశాం, చాలా నెత్తురు పోయింది, ఈ వయసులో రేపటిదాకా ఏమీ చెప్పలేను, ఆమెకి మాటలు వినపడుతూనే ఉన్నాయి గాని చూపు సీసా మీదే ఉంది, చదరపు రేకు, ఓ అంచున బుల్లి పన్ను, తన కత్తెరకి మొన దగ్గర చిన్న నొక్కు, ఏది కత్తిరించినా అక్కడో పన్ను మిగుల్తుంది, బట్టల్లోనైతే మడతలో దాచేస్తుంది, ఆయన వేళ్ళు వణుకుతాయని, షీటంతా ఇస్తే లెక్క తప్పుతారని, ఆదివారం ఆదివారం కూర్చుని ఒక్కో మాత్రా విడదీసి గుండీల డబ్బాలో సర్దేది, ఎంత ముద్దుగా కత్తిరించావే అన్నారు, అన్నారు కదా పాపం.

మంగళవారం, అవును మంగళవారమే, స్కూలు యూనిఫారాలు మధ్యాహ్నానికి ఇవ్వాలి, సూదిలో దారం ఎక్కక ఆయన కళ్ళజోడు లాక్కుని పెట్టుకుంది, డబ్బాలోంచి తీసిన మాత్ర తీసినట్టే ఆయన అరచేతిలో పెట్టి, నీళ్ళగ్లాసు ఇచ్చి, మళ్ళీ మిషను తొక్కుతోంది, గొంతులో ఏదో గీసుకుందే అన్నారు, కాలు ఆపలేదు, తలెత్తలేదు, ప్రతిదానికీ ఓ వంక మీకు, నోరుమూసుకుని మింగండి అంది, నోరుమూసుకున్నారు, మింగారు, మర్నాటినించీ అన్నం సగం వదిలేస్తుంటే అలకలేమిటీ వయసులో అని కసిరింది, మెట్ల మీద కూర్చుండిపోతే బద్ధకం అంది, దేవుడా, ఎన్నిసార్లు అంది.

లోపలికి రానిచ్చారు, దుప్పటికీ ఆయన మొహానికీ రంగులో తేడా లేదు, నర్సు కాగితం మీద వంగి, రేకుతో ఎలా మింగారు తాతగారూ అంటోంది, చెప్పేయాలి, నేనే అని చెప్పేయాలి, ఆమె నోరు తెరిచేలోపే ఆయన, బొంగురుగా, ఒక్కో మాటా కూడదీసుకుంటూ, కళ్ళజోడు పెట్టుకోలేదమ్మా, నాదే పొరపాటు, చూసి వేసుకోమని మా ఆవిడ చెబుతూనే ఉంది అన్నారు, చెప్పలేదు, ఎప్పుడూ చెప్పలేదు, నర్సు రాసేసుకుంటోంది, ఆయన ఇటు చూడకుండా, నొప్పికి కళ్ళు చిట్లించి గుటక వేశారు, ఆ గొంతుముడి పైకెళ్ళి కిందికి దిగడం చూస్తూ నిలబడిపోయిన ఆమెకి అప్పుడు తెలిసింది, ఇన్నేళ్ళూ తన చేతినించి వచ్చిందైనా, నోటినించి వచ్చిందైనా, ఆయన ఏదీ ఉమ్మలేదని, ఇప్పుడు కూడా, తన కళ్ళ ముందే, మరొకటి మింగేశారని.