గేటు దగ్గర స్టార్ట్ కాని కారు

నేను ఒక కారును. వయసు పాతికేళ్ళు. ప్రస్తుతం ఏలూరులో ఒక ఎక్స్-రే సెంటరు వెనకాల రేకుల షెడ్డులో ఉన్నాను. నా ఇంజిన్ నాలో లేదు, పక్కన బల్ల మీద విప్పి పెట్టి ఉంది. లోపల ఉన్నదంతా బయటపడ్డాక దాచుకోవడానికి ఏమీ మిగలదు కాబట్టి నా కథ ఉన్నదున్నట్టు చెబుతాను. మనుషుల మీద నాకు పెద్ద గౌరవం లేదన్న సంగతి ముందే చెప్పడం మంచిది.

జపానులో సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో నన్ను తయారు చేశారు. రెండే సీట్లు. మనిషి నాలోకి ఎక్కడు, దిగుతాడు. మామూలు కార్లలో పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి. నాలో అవి లేవు. వాటి బదులు మూడు మూలల ఇనుప దిమ్మలు రెండు గిర్రున తిరుగుతాయి. ఒక్కొక్క మూలన ఒక సన్నని పట్టీ ఉంటుంది. ఆ పట్టీ గోడను రాసుకుంటూ తిరగాలంటే దానికి ఎప్పుడూ తడి ఉండాలి. అందుకని నన్ను చేసినవాళ్ళు సన్నటి పైపులు పెట్టి, నడిచినంతసేపూ కొంచెం ఆయిల్ లోపలికి పోయి కాలిపోయేలా ఏర్పాటు చేశారు. నేను ఆయిల్ తాగుతాను. అది నా జబ్బు కాదు, నా తిండి.

నా మొదటి యజమాని ఆ ఊళ్ళోనే మందుల షాపు నడిపే ముసలాయన. ఆయన దగ్గర నన్ను కొన్నవాడు జయశీలరావు. తెనాలివాడు, జపాను వచ్చి ఓడల యార్డులో వెల్డరుగా పనిచేసేవాడు. బండి అప్పగిస్తూ ముసలాయన ఆయిల్ డబ్బా చేతికిచ్చి, రెండుసార్లు పెట్రోలు పోయిస్తే ఒకసారి ఇది పొయ్యాలని సైగలతో చెప్పాడు. జయశీలరావు తల ఊపాడు. అక్కడున్నన్నాళ్ళు మాట తప్పలేదు. ఉద్యోగం మానుకుని ఇంటికి వచ్చేటప్పుడు నన్నూ ఓడలో వేసుకుని వచ్చాడు.

తెనాలిలో పాస్టరు గారు నా బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. వీధి వీధంతా వచ్చి చూసింది. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న లీటరుకు ఎంత ఇస్తుందని. రెండోది, ఆ పొగేమిటని. నెలకోసారి ఆయిల్ పోస్తున్నాడని తెలిశాక జయశీలరావు ఎదురుపడితే చాలు, "ఏమయ్యా, నీ తాగుబోతు ఎట్టా ఉంది?" అనేవారు. నవ్వేవాడు గానీ అతనికి లోపల గుచ్చుకునేది.

ఆ గుచ్చుకోవడాన్ని గమనించినవాడు మస్తాన్. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి, తెనాలిలో సొంత షెడ్డు వేసుకున్న మెకానిక్. మంచి చేతులు. వాటి గురించి నేను అబద్ధం చెప్పను. ఒకసారి సర్వీసుకు ఇచ్చినప్పుడు అతను నా ఆయిల్ పైపులు చూశాడు. ఆయిల్ ఇంజిన్ లోపలికే పోతోందని కనిపెట్టాడు. అతనికి తెలిసిన బండ్లన్నిటిలోనూ అది లోపమే. ఇత్తడి ముక్కలు లేత్ మీద తిప్పించి, బిరడాలు చేసి, ఒక్కొక్క పైపునూ శుభ్రంగా మూసేశాడు. ఈ పనికి కూలి కూడా తీసుకోలేదు.

"సారు, ఇంక ఒక్క చుక్క తగ్గితే నన్నడగండి," అన్నాడు.

తగ్గలేదు. పొగ కూడా పోయింది. జయశీలరావు పొంగిపోయి మస్తాన్ ఇంటిల్లిపాదికీ బిరియానీ పంపాడు. ముసలాయన చేసిన సైగలు మర్చిపోయాడు. నాలోపల పట్టీలు ఎండి, గీసుకుని, అరగడం మొదలైంది. ఏడాది పట్టింది. ఇంజిన్ చల్లగా ఉంటే ఎలాగో లేచేదాన్ని. వేడెక్కాక ఆపితే మాత్రం మళ్ళీ లేవడం కష్టమయ్యేది. పెట్రోలు బంకుల్లో రెండు మూడుసార్లు అలా మొండికేశాను. ఎండ దెబ్బ అనుకున్నాడు జయశీలరావు. ఒక అరగంట నీడలో ఆగితే సరిపోయేది కాబట్టి భార్యకు కూడా చెప్పలేదు.

భార్య పేరు సలోమి. పోస్టాఫీసులో ఉద్యోగం. నన్ను నడపడం అతనే నేర్పాడు. తక్కువ మాట్లాడే మనిషి, గేరు మార్చడంలో కూడా చప్పుడు చేసేది కాదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున జయశీలరావుకు ఛాతీలో నొప్పి వచ్చింది. చొక్కా తడిసిపోయింది. అంబులెన్సు కోసం చూసే ఓపిక లేక సలోమి అతన్ని నా పక్క సీట్లో కూర్చోబెట్టి గుంటూరుకు బయలుదేరింది. బాగా నడిపింది. దారిలో రైలు గేటు పడింది. గేటు పడితే అందరూ ఇంజిన్ ఆపుతారు, ఆమె కూడా ఆపింది. గూడ్సు బండి పోయింది. గేటు లేచింది. ఆమె తాళం తిప్పింది. నేను లేవలేదు. మళ్ళీ తిప్పింది. నాలోపల దిమ్మలు పట్టు లేకుండా ఉత్తినే గిరగిర తిరిగాయి. వెనక హారన్లు. ఎవరో తోశారు. ఎవరో ఆమెను దిగమని తిట్టారు. చివరికి ఒక ఆటోవాడు జయశీలరావును ఎత్తుకుపోయాడు. గుంటూరు చేరకముందే అతను పోయాడు.

సాయంత్రం నన్ను తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. మర్నాడు పొద్దున మస్తాన్ వచ్చి తాళం తిప్పాడు. రాత్రంతా చల్లారి ఉన్నాను, వెంటనే లేచాను. అతను చూసింది చూసినట్టే చెప్పాడు. "బండికేం లేదమ్మా. ఒక్క సెల్ఫుకే లేచింది."

ఆ మాట పట్టుకున్నది మార్తమ్మ. జయశీలరావుకు అక్క, అదే ఇంట్లో ముందు వాటాలో ఉంటుంది. తమ్ముణ్ణి తన చేతుల మీద పెంచిన మనిషి. సమాధి దగ్గర, వచ్చినవాళ్ళందరూ వింటుండగా, "బండికేం లేదంట. తాళం తిప్పడం చేతకాని మనిషి నా తమ్ముణ్ణి గేటు దగ్గర కూచోబెట్టి చంపింది," అంది. తర్వాత ప్రతి ప్రార్థన కూటంలో అదే మాట.   తాళం తిప్పింది సలోమే. లేవలేదన్నది నిజం. మస్తాన్ తిప్పితే లేచిందన్నదీ నిజం. కొన్నాళ్ళకు ఆమె కూడా తన చేతులదే తప్పని నమ్మసాగింది. పోస్టాఫీసు నుంచి వచ్చి వరండాలో కూర్చుని కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకునేది. ఎనిమిది నెలలు నా దగ్గరికి రాలేదు. నిజం తెలిసిన దాన్ని ఆ వాకిట్లో నేనొక్కదాన్నే. నాకు నోరు లేదు.

మార్తమ్మకు నన్ను చూస్తే అన్నం దిగేది కాదు. అమ్మెయ్యమంది. అలా వచ్చాడు ఫణీంద్ర, ఏలూరులో ఎక్స్-రే సెంటరు నడిపే కుర్రాడు. జన్మలో కారు కొనలేదు. నా బొమ్మ ఫోనులో చూసి మనసు పారేసుకుని, మూడు వారాలు దొరికిందల్లా చదివి, కాగితం నిండా రాసుకుని వచ్చాడు. రాగానే బానెట్ తెరవబోయి డిక్కీ తెరిచాడు. తర్వాత పైకి లేచే నా లైటుకు నుదురు కొట్టుకున్నాడు.

మస్తాన్ సన్నగా నవ్వాడు. అమ్మకం దగ్గర మాట సాయానికని మార్తమ్మ అతన్ని పిలిపించింది.

తాళం తిప్పితే చక్కగా లేచాను. చల్లగా ఉన్నాను మరి. "వింటున్నావా తమ్ముడూ, వీణ," అన్నాడు మస్తాన్.

ఫణీంద్ర కాగితం చూసుకున్నాడు. "ఒక అరగంట తిప్పుకుని రావాలండి. వచ్చాక ఆపి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ స్టార్ట్ చేయాలి."

"లేచిన బండిని ఆపడమెందుకు, మళ్ళా లేపడమెందుకు?" అంది మార్తమ్మ గడపలోంచి. "బండి కొనడానికొచ్చావా, పంచనామాకొచ్చావా?"

"ఇందులో రాసుందండి."

"నాది ముప్పై ఏళ్ళ సర్వీసయ్యా," అన్నాడు మస్తాన్. "నీ కాగితానికి ఎన్నేళ్ళు?"

"మూడు వారాలండి. నాకు అదీ లేదు. అందుకే కాగితం."

"అయితే నీ కాగితాన్నే తోలుకో. నచ్చితే తీసుకో, లేకపోతే ఏలూరు బస్సు ఇంకో పావుగంటలో ఉంది."

ఫణీంద్ర మెడ ఎర్రబడింది. కాగితం మడవబోయాడు. అప్పుడు వరండాలోంచి సలోమి లేచింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి నా వైపు నాలుగడుగులు వేసింది.

"తిప్పుకుని రానివ్వు మస్తాన్. ఆ తర్వాత ఆపి చూడనివ్వు."

"ఎందుకమ్మా, బండికేం లేదని నేను..."

"నువ్వు ఆ మర్నాడు పొద్దున చూశావు, చల్లగా ఉన్నప్పుడు. వేడి మీద చూడలేదు."

మార్తమ్మ గడపలోంచి ముందుకు వంగి చూసింది. ఆమెకు బండ్ల సంగతి తెలియదు గానీ, సలోమి అలా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

ఫణీంద్ర నడిపాడు, అరగంట తిరిగి వచ్చాం. ఆపారు. పది నిమిషాలు గడవాలి. మస్తాన్ బీడీ వెలిగించి పారేశాడు. సలోమి నా తలుపు పక్కనే నిలబడింది.

ఫణీంద్ర తాళం అందుకోబోతే, "నువ్వు తప్పుకో. చేతకానివాళ్ళు తిప్పితే ఏ బండైనా ఇంతే," అని మస్తానే కూర్చున్నాడు.

తిప్పాడు. నేను లేవలేదు. యాక్సిలరేటర్ వదిలి తిప్పాడు, తొక్కి తిప్పాడు. ప్లగ్గులు విప్పి తుడిచి బిగించి తిప్పాడు. అతనికొచ్చిన విద్యలన్నీ చేశాడు. నాలోపల అదే గిరగిర. సలోమి ఆ చప్పుడు గుర్తుపట్టింది. నా కప్పు మీద చెయ్యి ఆన్చింది.

"బ్యాటరీ పోయుంటుంది," అంది మార్తమ్మ.

"బ్యాటరీ బాగానే తిప్పుతోందండి. లోపల పట్టు లేదు," అన్నాడు ఫణీంద్ర. ఆ మాట అతను గర్వంగా అనలేదు, రోగి ఇంటివాళ్ళతో చెప్పినట్టు మెల్లగా అన్నాడు. "నెలకు ఆయిల్ ఎంత పోస్తున్నారు?"

మస్తాన్ ఊపిరి పీల్చుకున్నాడు. దీనికి తన దగ్గర జవాబుంది. "ఆయిలా? ఒక్క చుక్క తగ్గదు. ఇదివరకు తాగేది. నేను మాన్పించాను."

ఫణీంద్ర కాగితం చూడలేదు. చూడకుండానే, "ఇది తగ్గాలండి. తగ్గకపోతేనే చచ్చిపోతుంది," అన్నాడు. ఆయిల్ ఎక్కడికి పోవాలో, ఎందుకు పోవాలో చెప్పాడు. కొత్తగా నేర్చుకున్నవాడు కాబట్టి ఒక్క మెట్టూ వదలకుండా చెప్పాడు.

మస్తాన్ మధ్యలోనే దిగి బానెట్ కిందికి వంగాడు. తన చేత్తో తిప్పించిన ఇత్తడి బిరడాలు, ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. చాలాసేపు వంగే ఉన్నాడు. లేచాక ఎవరి మొహమూ చూడలేదు.

"నేనే మూశానమ్మా."

సలోమి గొంతు పెంచలేదు. "ఆ రోజు గేటు దగ్గర నా చోట నువ్వుంటే?"

"ఎవరున్నా లేచేది కాదు. ఇప్పుడు చూశారు గదా, నేనే ఉన్నాను."

"వదినకు చెప్పు."

"అమ్మా..."

"బండికేం లేదని నువ్వన్న మాట సమాధి దగ్గర అందరికీ వినపడింది. ఇది కూడా వినపడేలా చెప్పు."

మస్తాన్ గడప వైపు తిరిగాడు. "పెద్దమ్మగారూ, తప్పు నాది. ఆయమ్మ చేతుల్లో ఏం లేదు."

"నాకేం చెవుడు లేదు," అని మార్తమ్మ లోపలికి పోయింది. ఒక గిన్నె గట్టిగా కింద పెట్టిన చప్పుడు. చాలాసేపటికి లోపల్నుంచే, "ఆ కుర్రాడు ఎండలో నిలబడ్డాడు, ఎవరన్నా మజ్జిగ ఇవ్వండి," అంది. సలోమి పేరు పిలవలేదు. మనుషులు తమ తప్పు ఒప్పుకునే తీరు నేను ఇంకా పూర్తిగా నేర్చుకోలేదు. బహుశా అది ఒప్పుకోవడం కాకపోవచ్చు కూడా.

మస్తాన్ చేతులు జోడించబోయాడు. సలోమి తల అడ్డంగా ఊపింది. "ఇవాళ ఏమీ అడగొద్దు మస్తాన్. ఇంటికెళ్ళు."

అతను ప్లగ్గులు విప్పిన పానాలు కూడా మర్చిపోయి వెళ్ళాడు.

ఫణీంద్ర మజ్జిగ తాగి, ఇంజిన్ పోయిందని తెలిసే తీసుకుంటానని చెప్పి, మర్నాడు లారీ తెస్తానని బస్సెక్కాడు.

వాకిలి ఖాళీ అయింది. మధ్యాహ్నం రెండు గంటలు. సలోమి అవతలి వైపుకు వచ్చి తలుపు తెరిచి, నడిపే సీట్లో కాకుండా పక్క సీట్లో కూర్చుంది. ఆ పొద్దున అతను వాలిపోయిన సీటు. అది వెనక్కి వంచినది వంచినట్టే ఉంది, ఎవరూ సరిచేయలేదు. ఆమె దాంట్లో అలాగే వాలి తలుపు మూసుకుంది.

ఎనిమిది నెలలూ ఆమెకు ఒక నేరం మోయడమే సరిపోయింది. అంత్యక్రియల రోజున కూడా ఆమె కళ్ళు తడవలేదని మార్తమ్మ పదిమందికి చెప్పింది. తనే చంపానేమో అని భయపడే మనిషి చచ్చిపోయినవాడి కోసం ఎలా ఏడుస్తుంది? ఇప్పుడు నేరం లేదు. జయశీలరావు లేడు, అంతే మిగిలింది.

ఆమె అతన్ని పేరు పెట్టి పిలిచింది. నా అద్దాలు ఎత్తే ఉన్నాయి కాబట్టి బయటికి వినపడలేదు.