సంతకం కోసం ఆగిన ప్రాణం

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆ తల్లి మాత్రం కీడెంచడం దగ్గరే ఆగిపోయిన మనిషి. కూతురు తుమ్మితే న్యుమోనియా అనుకునేది, ఫోను ఎత్తకపోతే యాక్సిడెంటే అనుకునేది. ఆ కూతురు పెరిగి పెద్దదై పిల్లల డాక్టరయింది. తల్లి పడ్డ భయాలన్నీ వట్టివే అయ్యాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ కూతురి కాలేయంలో రాచపుండై కూర్చుంది.

ఒక రోజు లాయరు కూతురి వీలునామా మీద సంతకం కోసం ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకొచ్చి తలుపు తట్టాడు. తల్లి తలుపు ఓరగా తీసి, తలొక్కటే బయటపెట్టింది.

"ఇప్పుడే కాస్త కునుకు పట్టింది బాబూ. ఇంకో రోజు రండి."

"పోయినసారీ ఇదే మాటన్నారు కదండీ!"

"పోయినసారీ నిద్రే పోతోంది మరి."

వాళ్ళు మెట్లు దిగిపోయారు. లోపలి గదిలోంచి సన్నటి గొంతు వినబడింది.

"మళ్ళీ తరిమేశావా?"

"ఎవర్నే?"

"పాడయింది కాలేయమమ్మా, చెవులు కాదు." నవ్వబోయి దగ్గింది కూతురు. "ఇలా కూర్చో. ఇల్లు పోతుందని బెంగా? నువ్వున్నన్నాళ్ళూ నీదేనని రాయించాను. ఆ తర్వాతే నేను చదివిన కాలేజీకి."

"ఇల్లెవరిక్కావాలే, పిచ్చి మొహమా!"

"సెలవులకి హాస్టలు మూసేసినప్పుడు నేనెక్కడికెళ్ళేదాన్నో గుర్తుందా? నువ్వు ఎవరింట్లోనో వంట చేసి, ఆ వంటింట్లోనే పడుకునేదానివి. నా ఒక్కదానికోసం గది తాళం చేతిలో పెట్టారమ్మా ఆ కాలేజీ వాళ్ళు. ఫీజు సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. నాలాంటి పిల్లలు సెలవుల్లో ఈ ఇంట్లో ఉంటారు. నా బాకీ తీరనివ్వవే."

"తీరుద్దువుగానీ. ముందు లేచి తిరుగు."

తల్లి మనసులో ఉన్నది వేరు. చేయాల్సిన పని మిగిలి ఉన్న మనిషిని మృత్యువు ముట్టుకోదని ఆమె నమ్మకం. సంతకం పడనంతకాలం పిల్ల ప్రాణం ఆ కాగితాన్ని పట్టుకుని వేలాడుతుంది. పడిందా, ఇంకేం మిగులుతుంది? అందుకే పిల్ల నిద్రలో ఉందని ఒకసారి, వాంతులని ఒకసారి, మంచి రోజు కాదని ఒకసారి లాయర్ని గుమ్మంలోంచే తిప్పి పంపింది. ఆమెకు తెలిసిన వైద్యం అదొక్కటే.

మృత్యువు ఆ వైద్యాన్ని లెక్కచేయలేదు. ఒక మధ్యాహ్నం కూతురి చూపు గుమ్మం వైపు తిరిగి అక్కడే నిలిచింది.

"లాయరు గారొచ్చారా?"

"వస్తున్నారమ్మా. మెట్లెక్కుతున్నారు."

మెట్ల మీద ఎవరూ లేరు. ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు.

అన్నీ అయ్యాక లాయరు పలకరించడానికి వచ్చాడు. మెల్లగా అన్నాడు. "వీలునామా లేదు కాబట్టి ఇల్లు మీకే వస్తుందండీ. ఇక మీ ఇష్టం."

చెంప మీద కొట్టినా ఆమెకు అంత నొప్పి పుట్టేది కాదు.

"నేను రాస్తే చెల్లుతుందా బాబూ? నా తర్వాత కాలేజీకే పోయేట్టు?"

"చెల్లుతుంది. కానీ తొందరేముందండీ, అలిసిపోయి ఉన్నారు. ఇంకో రోజు..."

"ఆ మాట అనకండి. అది నా మాట. అది ఏం చేసిందో చూశారుగా."

లాయరు ఆ సాయంత్రమే కాగితం సిద్ధం చేసుకుని, అవే రెండు మొహాల్ని సాక్షులుగా తీసుకొచ్చాడు. ఈసారి తలుపు బార్లా తీసి ఉంది. తల్లి కూతురి మంచం మీదే కూర్చుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. పెన్ను కింద పెట్టి గుమ్మం వైపు చూసింది.

ఆమె నమ్మకమే నిజమైతే, ఇప్పుడు మృత్యువు రావాలి. పని తీరిపోయింది కదా. బతుకంతా దేన్ని తలుచుకుని వణికిందో, దానికోసం ఆమె మొదటిసారి భయం లేకుండా ఎదురుచూసింది.

ఎవరూ రాలేదు. సాక్షుల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా అమ్మా?"

ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, వంటింట్లోకి వెళ్ళింది.