గుర్తు పెట్టకుండా ఊడదీసిన రాయి

ఫాంగ్ మాస్టారితో కొండల్లోకి రావడమంటే చంటిపిల్లాణ్ణి తిరునాళ్ళకు తీసుకెళ్ళడమే. పొద్దున్నించీ రూయీకి ప్రాణం విసిగిపోయింది. కనబడ్డ ప్రతి రాయినీ ఆయన సుత్తితో పలకరించాలి, ఆగి ఫ్లాస్కులో టీ తాగాలి, బళ్ళో పిల్లకు చెప్పినట్టు మళ్ళీ మొదలెట్టాలి: దక్షిణపు భూఖండం వచ్చి ఉత్తరపు దాన్ని గుద్దింది, దాని అడుక్కి దూరి పాతాళందాకా దిగింది, మళ్ళీ పైకొచ్చి చైనా నడుమ ఈ దాబియే కొండలైంది. ఆమె ఏళ్ళ తరబడి పరిశోధన చేస్తున్నదే దాని మీద!

గొడవంతా ఆ పైకి రావడంలోనే ఉంది. అప్పుడు పై పొరలు ఉత్తరానికి జారాయని మాస్టారు జీవితమంతా పాఠం చెప్పారు. కాదు, దక్షిణానికని రూయీ వాదన. దాన్ని తేల్చే రాయి ఇన్నాళ్ళకు కొత్త రోడ్డు కోసం తొలిచిన గట్టులో బయటపడింది. రాయి నిండా ఎర్రటి గింజలు, ప్రతి గింజకూ పొర ఎటు జారిందో చెప్పే వంకర తోక. ఆ గట్టు మీద ఇవాళే సిమెంటు కొట్టేస్తారు. ఇది పోతే ఆమెకు వేరే సాక్ష్యం లేదు, డాక్టరేటూ లేదు.

రాయిని ఊడదీసే ముందే దాని మీద ఉత్తరం వైపు బాణం గీయాలి. లేకపోతే ఆ తోకలు ఎటు చూశాయో పైవాడికే తెలియాలి. రూయీ దిక్సూచి కోసం సంచీలోకి వంగింది. ఠంగుఠంగుమని చప్పుడు. తలెత్తేసరికి రాతిపలక మాస్టారి చేతుల్లో ఉంది.

"చూడమ్మా, ఎంత చక్కగా ఊడొచ్చిందో!"

"అయ్యో మాస్టారూ! బాణం గీశారా?"

ఆయన పలకను బోర్లించి చూశారు. బాణం ఎక్కడా లేదు.

"మొదటి ఏడాది పిల్లలు ఈ పని చేస్తే ఎండలో నిలబెట్టేవారు కదండీ మీరు! ఇప్పుడు నేనేం చెయ్యను? ఆ సుత్తితో నా నెత్తిన కూడా ఒకటి వెయ్యండి!"

"చెయ్యి ఆగలేదమ్మా."

తిట్టు నోటిదాకా వచ్చింది. గురువు కదాని మింగేసింది.

కింద సిమెంటు మిషను దగ్గర్నుంచి పెంగ్ మేస్త్రి కేకేశాడు. "చెల్లెమ్మా, మీ రాళ్ళ ముచ్చట్లు అయ్యాయా లేదా? మిషను ఆన్ చేస్తున్నా!"

రూయీ పలకను ఊడిన చోట పెట్టి చూసింది. ఇటు తిప్పినా కూర్చుంది, అటు తిప్పినా కూర్చుంది. అంచులు పిండైపోయాయి, రెండు వైపులా సుత్తి దెబ్బలే. ఏడుపొచ్చింది గానీ, ఏడవడానికైనా తీరికేదీ?

మాస్టారు పలక లాక్కున్నారు. "రోడ్డు వైపు నిలబడి కొట్టింది ఇదీ, అటు తిరిగి కొట్టింది ఇదీ" అని గొణుక్కుంటూ దాన్ని తిప్పి ఆనించారు. దిక్సూచి పెట్టి, పెన్నుతో బాణం గీశారు.

రూయీ తోకలు చూసింది. అన్నీ దక్షిణమే చెబుతున్నాయి.

"మాస్టారూ, సరిగ్గా గుర్తుందా? ఇలా పెడితే మీరు చెప్పిందంతా..."

"రాయి కొట్టకముందే తోకలు చూశానమ్మా. చూశాకే చెయ్యి ఆగలేదు." ఆయన బాణం పక్కన తన పేరు రాస్తున్నారు. "నువ్వు గీస్తే కావాలనే తిప్పి పెట్టావంటారు. నేను గీస్తే ఎవడూ నోరెత్తడు. అబద్ధం చెప్పి నా కొంప నేనే కూల్చుకుంటానా?"

రూయీ పలకను రెండు చేతులతో పొట్టకు అదుముకుని అక్కడే నిలబడిపోయింది.

"దిగు, దిగు! నెత్తిన సిమెంటు పడుతుంది!" అని ఆయనే విసుక్కున్నారు.