పులుసు మీద నూనె

గరిటె వాలుగా పట్టి, పులుసు మీద తేలిన నూనెను జోగమ్మ కొబ్బరిచిప్పలోకి వంచుతోంది. బొట్టు మిగలకుండా తీసి పెరట్లో పారబోస్తేగాని ఆమెకు ధైర్యం ఉండదు. మొగుడు చిన్నారావు గుండెకు కొవ్వు పడదని టెక్కలి డాక్టరు చెప్పాడు. ఈ చేపలు చూస్తే నూనె కవళ్ళు. పేరులోనే ఉంది.

చిన్నారావు ముద్ద కలిపి, "ఏటే, సముద్రాన్ని పిండీసి పిప్పి ఎట్టినావేటి?" అన్నాడు.

"నోర్మూసుకొని తిను. నువ్వుంటే సాలు నాకు."

కూరలకైతే జోగమ్మ వేరే ఉపాయం కనిపెట్టింది. కాశీబుగ్గలో బజ్జీల బండి హరిబాబుకు గుప్పెడు చేపలిచ్చి, మరిగిన నూనె సీసాలో పోయించుకుంటుంది. నురగ పోవడానికి అందులో ఇంత చింతపండు వేసి కాస్తుంది. అన్నిసార్లు మరిగాక ఇంకా కొవ్వెక్కడుంటుంది? ఉన్నదంతా బజ్జీలు పీల్చేసి ఉంటాయి. ఆ తెలివికి తనలో తనే మురిసిపోతుంది.

మర్నాడు అమ్మే చేపల తట్టతో ఆటో ఎక్కి పలాస చేరింది. ఏళ్ల తరబడి తట్ట మోసి నడినెత్తిన జుట్టు ఊడింది. వేళ్ల సందుల్లో పొలుసు ఎంత తోమినా పోదు. చందువలు ఆఫీసర్ల ఇళ్లకు, కవళ్ళు తన ఇంటికి. పెళ్లయిన నాటి నుంచీ అంతే. చందువ రుచి ఎలా ఉంటుందో ఎవరైనా అడిగితే కొన్నవాళ్ల మాటే చెప్పాలి.

ఆస్పత్రిలో నర్సుగా చేసే ప్రవల్లిక గుమ్మంలోనే ఎదురొచ్చింది. "చందువలొద్దు జోగమ్మా, కవళ్ళున్నాయా? మా మావగారికి."

"ఆయనకి గుండెజబ్బన్నావు గదమ్మా! ఇవి ఒట్టి కొవ్వు."

"అందుకే. ఈ కొవ్వు గుండెకి మంచిదే."

జోగమ్మ తట్ట దించి మెట్టు మీద చతికిలబడింది. కొవ్వులో మంచిదీ చెడ్డదీనా? ఎదురు డాబా మీద జీడిపప్పు ఎండుతోంది. "మరి అదో?"

"వేయించకుండా గుప్పెడు తింటే మంచిదే."

"కొబ్బరో?"

"కొంచెంగా."

"మరి మరిగి మరిగి కొవ్వు పోయిన నూనో?"

"మరిగితే కొవ్వెందుకు పోతుంది? ఉన్నది చెడుతుంది. దాని జోలికే పోకూడదు."

జోగమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మ! మంచిది పెరట్లో పోసి, సెడ్డది మొగుడికి ఎడతన్నానేటి నాను!"

తిరిగొస్తుంటే హరిబాబు కేకేశాడు. "జోగక్కా, సీసా ఏదే? నల్లగా నిగనిగలాడతంది నూనె!"

"నువ్వే తలకి రాసుకోరా, జుట్టయినా మొలుత్తాది!"

ఆ పూట కవళ్ళ పులుసు దించి, గరిటె ముట్టుకోలేదు. పైన పసుపు రంగు వలయాలు కదులుతుంటే వంగి చాలాసేపు చూసింది. ఇన్నాళ్లూ శత్రువులా చూసింది దీన్నేనా?

అరుగు మీద చిన్నారావు మొదటి ముద్దకే ఆగాడు. "నూనె తియ్యడం మరిసిపోనావేటే?"

"మరిసిపోలేదు. తిను."

అతను ముక్కలన్నీ తినేశాడు. వేళ్లు నాకాడు. చాలాకాలం తర్వాత అతని మొహంలో పడవ మీద తిరిగిన నాటి మనిషి కనిపించాడు. "ఇంకో రెండు ఎయ్యే, బేగి."

జోగమ్మ లోపలికెళ్లి పులుసు దాక పట్టుకొచ్చింది. చిన్నారావు గోడకు చేరగిలబడి ఉన్నాడు. రుచికి కళ్లు మూసుకున్నాడనుకుంది. "ఇదిగో," అంది. మళ్లీ, "ఇదిగో," అంది. ఎంగిలి చెయ్యి ఒళ్లో వెల్లకిలా పడి ఉంది.

కేకకు పొరుగింటి బొడ్డమ్మ పరుగున వచ్చింది. ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి లేదని చూసి, దాకలోకి తొంగిచూసింది. "ఓలె, ఆ కొవ్వు పులుసు ఎట్టీసినావేటే?"

"ఎట్టినాను," అంది జోగమ్మ. "ఇంకో రెండడిగినాడు."

మగవాళ్లొచ్చి అతన్ని దించి వాకిట్లో పడుకోబెట్టారు. అరుగు మీద కంచం ఉండిపోయింది. దాని అంచున కవళ్ళ వెన్నుముళ్ళు, పిసరంత కండ మిగలకుండా, పక్కపక్కనే పేర్చి ఉన్నాయి.