నెత్తికెక్కిన చలువ కళ్ళద్దాలు

నేను ఒక జత చలువ కళ్ళద్దాలను. ఏ ఊళ్ళో పుట్టానో నాకే తెలియదు. కాకినాడలో ఒక తోపుడుబండి మీద అట్టకు వేలాడుతూ మొదటిసారి లోకాన్ని చూశాను. అక్కడే కనకరాజు నన్ను కొన్నాడు. పొద్దుగూకినా నన్ను తీయకుండా మోటార్ సైకిల్ నడిపేవాడు. ఎదురొచ్చే మనిషి కనబడకపోయినా, "హీరోలా ఉన్నావురా బాబూ!" అని అందరూ మెచ్చుకునేవారే.

అతని భార్య దమయంతి మగ్గం వర్కు చేస్తుంది. పెళ్ళికూతుళ్ళ జాకెట్ల మీద పూసలు, జరీ కుడుతుంది. ఒకనాడు ఆమె పనిచేసే కొట్టులో సగం ఎత్తిన షట్టరు జారి ఆమె నెత్తిన పడింది. అది సరిగ్గా నిలవడం లేదని యజమానురాలు సుగుణమ్మకు పనివాళ్ళు అంతకుముందే చెప్పి ఉన్నారు. చుక్క రక్తం రాలేదు, బొప్పి మాత్రం కట్టింది. స్కానులో ఏమీ లేదన్నారు. ఇక ఆ ముక్క పట్టుకుని అందరూ వేలాడారు.

ఏమీ లేకపోవడమేమిటి? నెలలు గడిచినా ఒక్క పూస ఆమెకు రెండుగా కనబడేది. కాసేపు సూది వైపు చూస్తే తల పగిలిపోయేది. ట్యూబులైటు వెలుగు గుచ్చుకుంటుంటే భరించలేక నన్ను పెట్టుకుంది. కనకరాజు ముక్కు మీద నన్ను మెచ్చుకున్న నోళ్ళే, "ఇంట్లో కూడా ఎండ కాస్తుందేంటే?" అని వెక్కిరించాయి. వీధిలో ఎవరినైనా పోల్చుకోలేకపోతే, "దమయంతికి కళ్ళు నెత్తికెక్కాయి" అన్నారు. ఆఖరికి కనకరాజు కూడా, "నాటకాలాపి పనికెళ్ళు" అన్నాడు. నాకు చేతులుంటే లాగి ఒక్కటిచ్చేదాన్ని.

కంటి డాక్టరమ్మ ఒక్కతే ఓపిగ్గా పరీక్షించింది. "ఏ కన్నుకా కన్ను బాగానే ఉందమ్మా. దెబ్బ తగిలాక రెండూ కలిసి పనిచేయడం లేదు. వ్యాయామాలు చెబుతాను, మెల్లిగా తగ్గుతుంది. అందాకా పని కొంచెం కొంచెంగా చెయ్యి. ఈ నల్లద్దాలు ఎండలోనే పెట్టుకో. గదిలోనూ పెట్టుకుంటే వెలుగు ఇంకా గుచ్చుతుంది."

ఉన్న కొలువు కాస్తా ఊడినందుకు నాకు ఒళ్ళు మండింది. కానీ నాటకమని అనని మొదటి మనిషి ఆవిడే. ఆ కోపం నిలవలేదు.

మర్నాడు దమయంతి ఎండలో నడిచి కొట్టుకు వెళ్ళింది. మగ్గం తప్ప ఆమెకు వేరే విద్య రాదు.

"కొన్నాళ్ళు ఒంటిపూట పని ఇప్పించండమ్మగారూ. కళ్ళు కుదుటపడ్డాక ఎప్పట్లాగే చేస్తానండి."

సుగుణమ్మ తలైనా ఎత్తలేదు. "స్కానులో ఏమీ లేదంట కదా! కళ్ళు నెత్తికెక్కాయి నీకు. రేపట్నుంచి వేరే అమ్మాయొస్తాది."

దమయంతి నన్ను ముక్కు మీద నుంచి ఎత్తి నెత్తిన పెట్టుకుంది. వెలుగుకు నీళ్ళు కారుతున్నా ఆమె చూపు తిప్పలేదు.

"నా నెత్తికెక్కింది కళ్ళు కాదండీ. మీ షట్టరు!"

మగ్గాల మీద సూదులన్నీ ఆగిపోయాయి. పెళ్ళి జాకెట్టు కోసం వచ్చిన ఒకావిడ గుమ్మం వైపు తిరిగింది. కర్ర పోటు పెట్టి నిలబెట్టిన షట్టరును చూసి, గబుక్కున పక్కకు జరిగింది.

"సరేలే, కూర్చో" అంది సుగుణమ్మ.

అప్పటి నుంచి కొట్టులో నా చోటు దమయంతి నెత్తి మీదే, సరిగ్గా దెబ్బ తగిలిన చోట. ఆ దెబ్బ కనబడనివాళ్ళకు కనీసం నేనైనా కనబడాలి.